మోసెల్ గుట్ట కల్లు

సెప్టెంబర్ 15, 2011. గురువారం

పొద్దంతా ముసురు. సమ్మె మొదలైంది. బడికి తాళం, పంచాయతీ ఆఫీసుకు తాళం. రోడ్డు మీద కమాను పక్కన మనవాళ్ళు టెంటు వేశారు. నేనూ పోయి కూర్చున్నాను. తెలంగాణ రావాలి కదా.

కిష్టయ్యను మంచంతో సహా ఎత్తుకొచ్చి టెంటు కింద దించారు. ఎండాకాలంలో తాటిచెట్టు మీద నుంచి జారి నడుము విరగ్గొట్టుకున్న మనిషి. ఇప్పుడిప్పుడే కర్ర పట్టుకొని నాలుగడుగులు వేస్తున్నాడు. "నా నడుము ఇరిగింది గని తెలంగాణ నడుము ఇరుగలే" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కల్లు గీసే రోజుల్లోనూ అంతే. చెట్టు మీదుండే ఊరందరితో మాట్లాడేవాడు. నేను పక్క చెట్టు మీదుండి వినేవాణ్ణి.

అతని చెల్లెలు అండాలు అంబలి తెచ్చింది. అన్న పడ్డప్పుడు చాకిరీ చేయడానికి కాటారం నుంచి వచ్చింది, ఇంకా ఉంది. టెంటు కింద ఇరుకు.

"బావా, జర జరుగు" అన్నది నన్ను.

జరిగాను.

ఈ డైరీ ఎరువుల దుకాణం వాళ్ళు ఉగాదికి ఇచ్చింది. చొక్కా జేబులో పడుతుంది. ఇన్నాళ్ళూ రాయడానికి ఏమీ లేకపోయింది.

సెప్టెంబర్ 18

కిష్టయ్య ఇంటికి పోయాను, ఆయన నడుము ఎట్లా ఉందో చూద్దామని. అరుగు మీద అండాలు సంచి సర్దుకుంటోంది. రెండు చీరలు, ఒళ్ళు నొప్పులకు వాయిలాకు కట్ట, అన్న పెరట్లో కోసిన సొరకాయ. రేపు పొద్దటి బస్సుకు పోతుందట. అండాలు మొగుడు పోయి ఏండ్లయింది, కాటారంలో బిడ్డ ఉమారాణి ఒక్కతే ఉంది. అల్లుడు లారీ మీద పోతే నెలకు గాని ఇంటికి రాడు.

"కూసో బావా. నిలబడి ఏం జూస్తున్నవ్, కొత్తగ జూసినట్టు?" అన్నది.

కూర్చున్నాను. సొరకాయ సంచిలో పట్టలేదు. తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు వండుకో. ఒక్కనివి ఏం తింటున్నవో ఏమో."

కిష్టయ్య మంచం మీద నుంచి, "గాయినె తినుడు కాదే, మింగుడు. మాటలు మింగి మింగి కడుపు నిండుతది" అన్నాడు.

ఆమె నవ్వింది. నేను ఇంటికి వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. నా భార్య ఓదెమ్మ పోయినప్పటి నుంచీ లేరు, ఇవాళ కొత్తేమీ కాదు.

సెప్టెంబర్ 19

బస్సులు బంద్. ఆర్టీసీ వాళ్ళు కూడా సమ్మెలోకి వచ్చారు. ఉద్యమం చాలా బాగా నడుస్తోంది.

సెప్టెంబర్ 22

తమ్ముడి కొడుకు ఎల్లేశ్ వచ్చాడు. భూపాలపల్లిలో గని వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో వంట చేస్తాడు. గనిలో కూడా సమ్మె, పని లేదు. బస్సులు లేక ఏదో లారీ పట్టుకొని సగం దూరం, ఎవరిదో మోటార్ సైకిల్ మీద సగం దూరం వచ్చాడట. వస్తూ ఒక సీసా తెచ్చాడు.

"పెద్దబాపూ, గిది నీకు. జర్మనీది."

మిషన్లు బిగించడానికి వచ్చిన జర్మనీ సారు ఒకాయనకు ఎల్లేశ్ పప్పుచారు ఇష్టమట. పని ఆగిపోయి దేశం పోతూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఇవ్వమని చేతిలో పెట్టాడట.

సన్నగా పొడుగ్గా ఉంది సీసా. లేత ఆకుపచ్చ. లోపలిది నీళ్ళకన్నా కొంచెం పసుపు, లేత ముంజెలో నీళ్ళలాగా. మీద బొమ్మ. ఒక నది వంకర తిరిగి పోతుంటుంది. నది ఒడ్డునే గుట్ట, నిట్టనిలువుగా. గుట్ట మీద దువ్వినట్టు వరసలు వరసలుగా చెట్లు. కింద చిన్న చిన్న ఇళ్ళు.

"గది మోసెల్ నది. గవన్ని ద్రాక్షతీగెలు. గుట్ట నిలువుగుంటదట. నడుముకు తాడు కట్టుకొని ఎక్కుతరట కొందరు" అన్నాడు ఎల్లేశ్.

"తాడు కట్టుకొనా?"

"ఔ. మన మోకు తీర్గనే అనుకో. ఆడ చలి శానట పెద్దబాపూ. ఎండ తక్వ. ద్రాక్ష ముక్కి మూల్గి పండుతదట. అందుకే గిది తియ్యగుండదట. పొడి వైనంటరట."

నీళ్ళలాంటి దాన్ని పొడిది అంటారు. ఎవరి తీరు వాళ్ళది.

"దసరాకు తాగుదం, అప్పటిదాక ముట్టకు" అని చెప్పి ఎల్లేశ్ మానుకోటకు పోయాడు. అక్కడ రైళ్ళు ఆపుతారట.

సీసాను చూస్తూ కూర్చున్నాను. రెండువేల తొమ్మిది అని అంకె ఉంది. రెండేండ్ల కిందటిది. పొద్దున గీసిన కల్లు సాయంత్రానికే ముదురుతుంది. రెండేండ్ల నుంచీ దీని నోరు బిగించి పెట్టారు. బిగించిన కల్లు ఏం చేస్తుందో నాకు తెలియదా? కిష్టయ్య ఒకసారి పట్నంలో పెండ్లికని కల్లు స్టీలు క్యానులో పోసి, మూత గట్టిగా బిగించి బస్సెక్కాడు. ఆలేరు దాటాక మూత ఎగిరి టాపుకు తగిలింది. బస్సంతా కల్లు వాన. పెళ్ళికూతురు వాళ్ళ మేనత్త తలంతా తడిసింది. ఊపిరాడకపోతే అది ఊరుకోదు.

అందుకని మరమూత తిప్పి తీశాను. పొంగలేదు. అయినా మనం చేసేది మనం చేయాలి. కల్లు లొట్టికి కట్టినట్టు మూతికి పలుచని తడిగుడ్డ కట్టి, నీడపట్టున మూలకు పెట్టాను. ఇంకా దసరా దూరముంది.

తాటాకు రేకలో మొదట ఎవరికి పోయాలా అని ఆలోచించాను. ఊరికి వచ్చిన చుట్టానికే మొదటి రేక పోయాలి. పద్ధతి అది.

సెప్టెంబర్ 25

కల వచ్చింది. అదే గుట్ట. మంచు కమ్మి ఉంది. నా నడుముకు మోకు ఉంది, కాళ్ళకు బలం ఉంది. ఎక్కుతున్నాను. తాటిచెట్టు కాదు, తీగలు, మోకాలి ఎత్తు. ఒక్కొక్క తీగ దగ్గర ఆగి గెల కోసినట్టు ద్రాక్షగుత్తిని చేత్తో పట్టుకొని చూస్తున్నాను. చల్లగా ఉంది. కింద నది చప్పుడు లేకుండా పోతోంది. నది ఒడ్డున ఎవరో నిలబడి తలెత్తి చూస్తున్నారు. చేతిలో రేక ఉంది. ఎండ కంట్లో పడకుండా ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఎండ లేదు కదా అక్కడ అనుకున్నాను.

ఎవరో కనబడలేదు. మంచు.

ఇవాళ కూడా టెంటుకు పోయాను. ఉద్యమం అన్నాక రోజూ పోవాలి.

సెప్టెంబర్ 26

మళ్ళీ అదే కల. ఈసారి నది ఒడ్డు మనిషి, "జర జరుగు" అన్నది. గుట్ట మీద ఎక్కడికి జరగాలి?

సెప్టెంబర్ 30

జనగామ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళపొయ్యిలు పెట్టి ఊళ్ళకు ఊళ్ళే వండుకున్నాయి. నిలిచిపోయిన లారీల డ్రైవర్లు కూడా దిగి ఉల్లిగడ్డలు కోశారు. అండాలు గుండిగ దగ్గర నిలబడి గరిటె తిప్పుతోంది. నేను కట్టెలు మోసి తెచ్చి పొయ్యిలోకి ఎగదోస్తూ కూర్చున్నాను. పొగ తన వైపే పోతోంది. రెండు కట్టెలు జరిపాను. పొగ తిరిగింది.

"బావా, నీకు దేవుడు నోరు పెట్టుడు మర్చిండా? పొద్దటిసంది కూసున్నవ్. ఉప్పేసినవా అని కూడ అడుగవు."

"వేసినవా?" అన్నాను.

"ఏసిన."

కొంచెంసేపు గరిటె తిప్పింది.

"మా అన్న చెప్పిండు, నీ తాన జర్మనీ కల్లున్నదట గద. ఎట్లుంటదట?"

ఇక నేను చెప్పాను. ఎట్లా చెప్పానో నాకే తెలియదు. నది వంకర తిరిగేది చెప్పాను. నిలువు గుట్ట చెప్పాను. చలికి ద్రాక్ష పండక పండక పండేది చెప్పాను. పొద్దున మంచు నది మీద నుంచి లేచి ఇళ్ళ మీదికి వచ్చేది కూడా చెప్పాను. అది ఎల్లేశ్ చెప్పలేదు, నేను కలలో చూసింది. అండాలు గరిటె ఆపి వింటోంది.

"తాడు కట్టుకొని ఎక్కుతరా?" అన్నది.

"ఔ."

"మనోళ్ళే అన్నట్టు."

పప్పు అడుగంటింది. లారీ డ్రైవర్ ఒకడు, "పెద్దమ్మా, పప్పు మాడి తెలంగాణ వాసనొస్తుంది" అన్నాడు. అండాలు గరిటె చూపించి, "తెలంగాణ వాసన గిట్ల గాదు కొడుకా, గా తాత మాటల వాసన" అన్నది. అందరూ నన్ను చూశారు. నేను కట్టె ఎగదోశాను.

అక్టోబర్ 2

కిష్టయ్య కర్ర లేకుండా వాకిలి దాకా నడిచాడు. "ఇంగ మా చెల్లె నన్ను ఇడిసి పోవచ్చు. బస్సు నడువంగనె పోతనంటది" అన్నాడు. నా మొహం చూసి, "నువ్వేమన్న అంటవా?" అన్నాడు.

"ఏమంటా?" అన్నాను.

"నాకేం దెల్సు. నీకు మరదలు. నువ్వు అంటె అన్నట్టు, లేకుంటె లేనట్టు."

ఇద్దరం ఏళ్ళు మీద పడ్డవాళ్ళం. ఊరు నవ్వుతుంది. ఆమెకు బిడ్డ ఉంది, ఇల్లు ఉంది. నేను అడిగేది ఏముంది? ఏమీ లేదు. నడుము బాగైనందుకు సంతోషం.

అక్టోబర్ 6. దసరా

ఎల్లేశ్ మానుకోట నుంచి వచ్చాడు. సీసా మూతికి గుడ్డ చూసి చేతులు నెత్తిన పెట్టుకున్నాడు.

"పెద్దబాపూ! మూత ఎవలు తీసిండ్రు?"

"నేనే. బిగిస్తే పగులుతది కదా."

"అయ్యో! ఇది కల్లు గాదు. దీనికి గాలి తాకొద్దు. గాలి తాకితె పులుస్తది. ఎప్పుడు తీసినవ్?"

"నువ్వు పోయిన రోజే."

ఎల్లేశ్ అక్కడే కూలబడి నవ్వాడు. తరువాత నా మొహం చూసి నవ్వు ఆపాడు. "పోనీ తియ్. సారు ముందే పుల్లగుంటదన్నడు. గిప్పుడెంత పులిసిందో, అప్పుడెంత పుల్లగుండెనో మనకేం దెల్సు" అన్నాడు.

మనకేం తెలుసు. అదే బాధ. అసలు ఎట్లా ఉండేదో ఇక ఎప్పటికీ తెలియదు. ఆ గుట్ట మీదివాళ్ళు అన్ని రోజులు చలిలో కాపాడింది, రెండేండ్లు దాచింది, నేను ఒక్క పూటలో మూత తీశాను. అండాలుకు ఏమని పోయాలి? పారబోద్దామనుకున్నాను. అంతలో అన్నాచెల్లెళ్ళు జమ్మి పట్టుకొని వచ్చేశారు.

ఎల్లేశ్ అంతా చెప్పాడు. కిష్టయ్య క్యాను కథ తలచుకొని నడుము పట్టుకొని నవ్వాడు. "నా మూలాన జర్మనీ నష్టపాయె" అన్నాడు.

ముందు మా గీతగాళ్ళ దేవుడు కాటమయ్యకు సాకగా నేల మీద కొంచెం పోశాము. "స్వామీ, గిది కొత్త రకం, ఏమనుకోకు" అని కిష్టయ్య మొక్కాడు. తరువాత తాటాకు రేక అండాలు పట్టింది. నేను పోశాను. రెండు చేతులూ పెట్టాను. సీసా బరువు, అంతే.

తాగింది. కళ్ళు మూసుకుంది. మొహమంతా ముడుచుకుంది. మేము ముగ్గురమూ ఆమె మొహమే చూస్తున్నాము.

"పచ్చి చింతకాయ కొరికి, మీదికెళ్ళి బాయి నీళ్ళు తాగినట్టుంది" అన్నది. ఆగి, "మంచిగనె ఉన్నది" అన్నది. మళ్ళీ రేక పట్టింది.

నేనూ తాగాను. మొదట ఒళ్ళు జలదరించింది. తరువాత నాలుక చివర ఏదో, వాన పడిన బండరాయి వాసన లాంటిది ఉండి పోయింది. అది మోసెల్ గుట్టదా, నా గుడ్డదా తెలియలేదు.

సగం సీసా మిగిలింది. ఎల్లేశ్ పారబోస్తానన్నాడు.

"గాడ పెట్టు. పారబోత్తరా ఎవలన్న?" అని అండాలు గుంజుకుంది. "మా కాటారంల కల్లు పులిస్తె చేపలల్ల పోస్తం." చెరువు నిండి ఉంది, ఎల్లేశ్ పోయి బొమ్మె చేపలు తెచ్చాడు. నా ఇంట్లో, నా పొయ్యి మీద, చింతపండు లేకుండా చేపల పులుసు పెట్టింది. ఉప్పు ఎక్కడుందో అడగకుండానే దొరకబట్టింది. ఇల్లంతా వాసన.

తిన్నాము. అందరం రెండోసారి పెట్టించుకున్నాము. కిష్టయ్య మూడోసారి కూడా.

పోయేటప్పుడు నా చేతిలో జమ్మి పెట్టి, "పాణం మంచిగ సూసుకో బావా" అన్నది. పోయేవాళ్ళు అనే మాట అది. నేను ఏదో అనాలి. అప్పుడే అనాలి. నోరు తెరిచాను కూడా.

"చేపలు బాగున్నయి" అన్నాను.

అక్టోబర్ 7

చేపలు బాగున్నాయి. అదే అన్నాను.

అక్టోబర్ 9

కలలో గుట్ట లేదు. నది ఒక్కటే ఉంది. ఒడ్డున ఎవరూ లేరు. కాసేపు అటూ ఇటూ నడిచి వచ్చాను.

అక్టోబర్ 13

ఇవాళ టెంటులో ఒక సంగతి జరిగింది. రాయకపోతే నేనే నమ్మను.

జనగామ నుంచి వచ్చిన నాయకుడొకాయన బస్సుల సమ్మె ఆగిపోతుందట, జనం ఇబ్బంది పడుతున్నారు, మళ్ళీ నడుపుతారట అని చెప్తున్నాడు. అందరూ సరే అన్నట్టు తలలూపుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఎట్లా లేచానో తెలియదు. మోకాళ్ళు వాటంతట అవే లేచాయి.

"బస్సులు నడువద్దు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు వినని పిల్లలు ఉన్నారు ఈ ఊళ్ళో. వాళ్ళు నోరు తెరిచి చూస్తున్నారు.

"ఎందుకు నడువాలె? ఇప్పుడు నడువకుంటె ఏమైతది? ఎవలు ఏడికి పోవాలె? పోవద్దు. ఊళ్ళె ఉన్నోళ్ళు ఊళ్ళె ఉండాలె. ఇన్ని రోజులు ఉన్నోళ్ళు ఇంకిన్ని రోజులు ఉండలేరా?"

కూర్చున్నాను. టెంటంతా చప్పట్లు. "జై తెలంగాణ" అని ఎవరో అరిచారు. నాయకుడు వచ్చి నా మెడలో తన కండువా వేసి, "తాతా, గిసుంటి పెద్దమనుషులుంటె తెలంగాణ ఎవడాపుతడు" అన్నాడు. అతని కంట్లో నీళ్ళు.

కిష్టయ్య దుప్పటి మొహం మీదికి లాక్కొని నవ్వుతున్నాడు. మంచం ఊగుతోంది. "బావా, ఉద్యమమంటె నీకు గింత ప్రేమ, గింత పావురమని నాకు తెల్వకపాయె" అన్నాడు.

అండాలు చెంబుతో నీళ్ళు పంచుతోంది. అందరికీ ఇచ్చింది. నా దగ్గరికి వచ్చి చెంబు అందించి, నేను తాగినంతసేపు నిలబడింది. ఏమీ అనలేదు. ఆమె మొదటిసారి ఏమీ అనలేదు.

అక్టోబర్ 16

రేపో ఎల్లుండో నడుస్తాయట.

అక్టోబర్ 17

అండాలు సంచి అరుగు మీద ఉంది. దారిలో పోతూ చూశాను. దారి అటు నుంచే కదా.

అక్టోబర్ 19. కాటారం

నిన్న పొద్దున మొదటి బస్సు వచ్చింది. ముందు అద్దానికి బంతిపూల దండ కట్టారు. డ్రైవరుకు ఊరివాళ్ళు టీ ఇచ్చారు. ఇన్ని రోజుల తరువాత బస్సు కాబట్టి ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. నేనూ ఉన్నాను. పళ్ళు తోముకోవడానికి వేపపుల్ల తెంపుకొని అట్లాగే వచ్చాను.

అండాలు ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. కిష్టయ్య కిటికీ కింద నిలబడి, అది తిను, ఇది మర్చిపోకు అని చెప్తున్నాడు. ఆమె అతన్ని చూడటం లేదు. నన్ను చూస్తోంది. ఊరికే, ఎప్పుడూ చూసినట్టే. చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తోంది, ఎండ మొహం మీద పడుతోంది.

కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది.

నేను ఎక్కాను.

అంతే. ఎక్కాను. కాళ్ళకు చెప్పులు లేవు. నోట్లో వేపపుల్ల ఉంది. వెనక నుంచి ఊరు ఊరంతా ఒక్కసారి "ఓ" అన్నది. కిష్టయ్య కర్ర కూడా లేకుండా బస్సు వెంట నాలుగడుగులు ఉరికి, తన చెప్పులు విడిచి కిటికీలోంచి లోపల పడేశాడు. "ఏస్కో బావా! మా చెల్లె ముందల ఉత్త కాళ్ళతో పోతవా?" అని అరిచాడు.

అందరూ చూస్తున్నారు. నేను కడ్డీ పట్టుకొని నిలబడ్డాను. కండక్టర్ వచ్చాడు.

"ఏడికి తాతా?"

నాకు ఊరి పేరు తెలుసు. నోటికి రాలేదు.

"ఏడికి?" మళ్ళీ అడిగాడు.

కిటికీ దగ్గర నుంచి అండాలు, "హనుమకొండకు రెండియ్యి. ఆడ దిగి కాటారం బస్సెక్కుతం" అన్నది. పక్క సీటు మీద సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

కూర్చున్నాను. హనుమకొండలో బస్సు మారాము. పరకాల దాటాక ఆమె, "నోట్లె ఆ పుల్ల తియ్యి ఇంగ" అన్నది. తీశాను. భూపాలపల్లి దాటాక అడవి. రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు. చల్లగా ఉంది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. ఉమారాణి తలుపు తీసి తల్లిని చూసింది, నన్ను చూసింది, నా కాళ్ళకు పెద్దవైన చెప్పులు చూసింది.

"అమ్మా, ఈయినె..."

"మీ పెద్దబాపు. కట్టయ్య. నీళ్ళియ్యి ముందు" అని అండాలు సంచి పట్టుకొని వంటింట్లోకి పోయింది. నన్ను అక్కడే వదిలేసి పోయింది.

ఉమారాణి నీళ్ళు ఇచ్చింది. మంచి పిల్ల. తల్లి కళ్ళే. ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది. ఏం అడగాలో తెలియక చీరకొంగు సర్దుకుంది. చివరికి అడిగింది.

"ఎన్నొద్దులుంటరు పెద్దబాపూ?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

నేను నీళ్ళు తాగడం అయింది. చెంబు కింద పెట్టాను. ఇక్కడ టెంటు లేదు, చప్పట్లు లేవు, పక్కన కిష్టయ్య లేడు. ఆ పిల్ల నా మొహమే చూస్తోంది.

"ఉంట బిడ్డా" అన్నాను.

లోపల గరిటె మళ్ళీ కదిలింది.